పసుపు పెట్టిన పాస్‌పోర్టు

"కార్డుకు పసుపు గిట్ల పెట్టలే గదా?" అన్నాడు ఆయన.

"పెట్టలే. గమ్మున పండుకో," అన్నాను నేను.

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. దవాఖానలో ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయే ముందు ఆరోగ్య కార్డు చూపించమన్నారు. నేను కొంగుముడి విప్పి తీసి ఇస్తుంటే, చక్రాల మంచం మీద పడుకున్న మనిషి తల తిప్పి ఆ మాట అడిగాడు. పక్కనున్న నర్సమ్మ ఏమీ అర్థం కాక నా ముఖం చూసింది. నాకు నవ్వొచ్చింది. ఆయనకూ వచ్చినట్టుంది, మీసం కదిలింది. తర్వాత ఆయన్ని బయటికి తెచ్చారు గానీ మళ్లీ మాట్లాడలేదు. మొగుడూ పెళ్లాల చివరి మాటలు ఏవో గొప్పగా ఉంటాయని జనం అనుకుంటారు. మావి పసుపు దగ్గర ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో చెప్పాలంటే పాస్‌పోర్టు సంగతి చెప్పాలి. చెప్పేది నేను, రాసేది మా ఆడబిడ్డ కూతురు. నా చదువు సంతకం దాకా వచ్చి ఆగింది. నేను వాగినట్టే రాయమంటే ఈ పిల్ల పుస్తకం భాషలోకి దిద్ది రాస్తోంది. (రాయి బిడ్డా, నేనేమంటలే. మనుషులు మాట్లాడిన కాడ మాత్రం దిద్దకు.)

ఆ రోజుల్లో గద్వాలలో మా మగ్గాల వీధి నుంచి ఎవరైనా దేశం పోయారంటే బొంబాయి పోయారనే అర్థం. మా పాలమూరు మనుషులకు వలస కొత్త కాదు. మూట కట్టుకుని రైలెక్కితే అయిపోయేది, టికెట్ కూడా కొందరికి మొహమాటం కోసమే. అలాంటిది సముద్రం దాటాలంటే ఒక చిన్న పుస్తకం కావాలని, అందులో ఇంకో దేశం వాళ్లు ముద్ర వేయాలని, ఆ ముద్రకు గడువు ఉంటుందని మాకు ఎవరు చెప్పారు? నేను అప్పటికి పాన్‌గల్ నుంచి ఆ ఇంటికి కొత్తగా వచ్చిన కోడలిని. మామ లేడు. ఇంట్లో అత్త, ఆయన, నేను, ఒక మగ్గం. మర మగ్గాల చీరలు చవగ్గా వచ్చి పడ్డాక మా మగ్గం మీద పడుగు ఎక్కడమే అరుదైపోయింది. చివరికి ఆయన కాళ్లు పెట్టి నేసే గుంటలో ఒక పిల్లి వచ్చి పిల్లలు పెట్టింది. దాన్ని వెళ్లగొట్టాల్సిన అవసరం కూడా పడలేదు. ఆ రోజే ఆయన వనపర్తి పోయి ట్రావెల్స్ భాయిని కలిసి వచ్చాడు.

ఈ భాయి ఇంటి ఆడవాళ్లు పెళ్లిళ్లకు మా దగ్గరే చీరలు నేయించుకునేవారు. ఆ పరిచయం మీద భాయి మా ఆయనకు కువైట్‌లో ఒక పని చూశాడు. బట్టలు ఉతికి, మరకలు తీసి, ఇస్త్రీ చేసి ఇచ్చే దుకాణంలో. (మరకల పని అని గుర్తుపెట్టుకోండి, దీంతో ముందు ముందు అవసరం ఉంది.) ఇక మొదలైంది కాగితాల తిరునాళ్ల. బడి సర్టిఫికెట్టు తెమ్మన్నారు, రేషన్ కార్డు తెమ్మన్నారు. పోలీసాయన ఇంటికి వచ్చి చాయ్ తాగి, ఈయన ఈ ఇంట్లోనే ఉంటాడా అని ఈయన్నే అడిగి పోయాడు. అన్నిటికన్నా ఫోటో కష్టమైంది. ఫోటోలో నవ్వొద్దన్నారు. మా ఆయనకు నవ్వు ఆపుకోవడం చేతకాదు. ఫోటోగ్రాఫర్ తిట్టగా తిట్టగా ఎలాగో నోరు బిగించాడు గానీ, వచ్చిన ఫోటో చూస్తే అచ్చం గొర్రెల దొంగ. "ఈ మొఖానికి వీసా ఎవడిస్తడే?" అని ఆయనే అడిగాడు. "మొఖానికి గాదు, పనికిస్తరు," అని నేను ధైర్యం చెప్పాను.

పాస్‌పోర్టు వచ్చిన రోజు ఆయన ఇంట్లో లేడు. చెల్లెలికి చెప్పి వస్తానని లింగాల పోయాడు. (చెల్లెలంటే ఈ పిల్ల తల్లే.) పోస్టుమన్ కవరు ఇచ్చి, వేలిముద్ర వేయించుకుని పక్క వీధికి పోయాడు. మా అత్త కవరు విప్పి, ఆ నీలం అట్ట పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకుని కళ్లకు అద్దుకుంది. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. కొత్తది ఏదొచ్చినా నాలుగు మూలలా పసుపు పెట్టి, నడుమ కుంకుమ పెట్టి, జమ్ములమ్మ తల్లి పటం ముందు ఉంచితే గానీ వాడకూడదు. కొత్త పడుగు మగ్గానికి ఎక్కినా అంతే, బియ్యం డబ్బా కొన్నా అంతే. కరెంటు మీటరు బిగించిన మనిషి నిచ్చెన దిగకముందే మా అత్త దానికి బొట్టు పెట్టింది. రేషన్ కార్డు పసుపుతో ముద్ద ముద్దగా ఉండేది, డీలరు ఏనాడూ వద్దనలేదు. అలాంటి ఇంటికి కొడుకు బతుకును మార్చే పుస్తకం వస్తే ఊరుకుంటుందా? పసుపు తడిపి అట్టకు నాలుగు మూలలా పెట్టింది. నేను ఇక అయిపోయిందనుకున్నాను. లోపలి కాగితాలు ఒక్కొక్కటే తిప్పుతూ ప్రతి దానికీ పెట్టడం మొదలుపెట్టింది.

"అన్నిటికెందుకత్తా?" అన్నాను.

"ఏ కాయితం మీద ముద్దరేస్తరో మనకు తెల్వదు గదనే!" అంది.

ఫోటో ఉన్న కాగితం వచ్చేసరికి కొడుకు ముఖం చూసి, "పోరడు గింత కళ లేకుండ ఉన్నడేందే," అని ఫోటో నుదుటి మీద కుంకుమ బొట్టు దిద్దింది. నిజం చెప్పొద్దూ, గొర్రెల దొంగ కాస్తా పెళ్లికొడుకులా అయ్యాడు.

పక్క వీధికి పోయి తిరిగి వస్తున్న పోస్టుమన్ ఆగి నీళ్లు అడిగి, చెంబు అందుకుంటూ పటం ముందు ఉన్న పుస్తకాన్ని చూశాడు. చెంబు చేతిలోనే ఉండిపోయింది. "వామ్మో! ఏం పని జేసినవమ్మా? అది సర్కారు బుక్కు. మరకయితే చెల్లదు. నీ కొడుకు ఈడనే ఉంటడిగ," అన్నాడు. అప్పుడు ముందుకు వచ్చింది నేను. ఆ వీధిలో నాకో పేరుంది. పట్టుచీర మీద నూనె పడినా, రంగు అంటినా నా దగ్గరికే తెచ్చేవారు. పోగు చెదరకుండా మరక తీసి ఇచ్చేదాన్ని. "గింత దానికి పరేషాన్ ఎందుకత్తా? పసుపే గదా, జర సేపట్ల తీస్త," అన్నాను. అన్నాక ఆలోచించానా? లేదు. బట్టలకు పెట్టే సబ్బు నురగ చేసి, మెత్తటి గుడ్డతో మొదటి మూలను రుద్దాను. పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో తెలియని ఆడది ఉంటుందా? నాకూ తెలుసు. కానీ పేరున్న మనిషికి తెలిసింది కూడా తొందరలో గుర్తుకు రాదు. పచ్చటి మూల నా కళ్ల ముందే నెత్తురులా ఎర్రబడింది.

మా అత్త గుండెలు బాదుకుంది. "తల్లి కన్నెర్ర జేసింది సూడే! పెట్టిన పసుపు తుడిస్తే ఊకుంటదా?" అని పటం ముందు సాష్టాంగపడింది. నాకు తల్లి మీద భయం కన్నా ఆయన వచ్చే బస్సు మీద భయం ఎక్కువగా ఉంది. ఎరుపు పోవాలంటే పులుపు తగలాలని గుర్తొచ్చి నిమ్మకాయ పిండాను. ఎరుపు పోయింది, పసుపు తిరిగి వచ్చింది, ఈసారి ఇంకా వెడల్పుగా. కడిగాను. కడిగితే ఫోటో మీద అంటించిన సన్నటి ప్లాస్టిక్ పొర అంచు లేచి, దాని కిందికి నీళ్లు పోయాయి. ఆయన చెంప ఉబ్బింది. కాగితాలన్నీ తడిసిన గుడ్డల్లా మెత్తబడి వేలాడాయి. అప్పటికి అత్త లేచి, కళ్లు తుడుచుకుని, నేతగాళ్ల బుద్ధికి తోచిన మాట చెప్పింది. "మెత్తబడ్డది గంతే. జర పల్సగ గంజి పెట్టు. నిలబడ్తది." ఎవరైనా నవ్వుతారు గానీ, ఆ క్షణాన నాకది దేవుడు చెప్పిన మాటలా అనిపించింది. మా బతుకంతా గంజి మీదే గదా! మెత్తటి పోగును పడుగుగా నిలబెట్టేది గంజే. పొద్దున వార్చిన గంజి ఉంది. కాగితం కాగితానికీ వేలితో రాసి, గాలి తగలాలని పుస్తకాన్ని తెరిచి, మగ్గం మీది తాడుకు తలకిందులుగా వేలాడదీశాను. అది ఎండి నిజంగానే నిలబడింది. అప్పడంలా అయింది. తడితే చప్పుడు వచ్చేది.

సాయంత్రం ఆయన వచ్చాడు. గడపలో చెప్పులు విడుస్తూ మగ్గం వైపు చూసి, "ఏందది, గబ్బిలమా?" అన్నాడు.

అత్త, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆయన దగ్గరికి పోయి దాన్ని తాడు మీంచి దించి, తెరిచి, ఉబ్బిన చెంపతో, నుదుట సగం బొట్టుతో ఉన్న తన ముఖాన్ని తనే చాలాసేపు చూసుకున్నాడు. కొడతాడేమో అనుకున్నాను. ముక్కుకు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "నిమ్మకాయ గూడ పిండిన్రా?" అన్నాడు. "పోపు ఎయ్యలేదేం మరి?" అని గోడకు ఆనుకుని కూలబడ్డాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు.

మర్నాడు ముగ్గురం వనపర్తి పోయాం. భాయి కళ్లద్దాలు పెట్టుకుని పుస్తకం అందుకున్నాడు. "యా అల్లా," అని, ఒకసారి మా ముగ్గురినీ చూసి, "గిది పాస్‌పోర్టా, పెండ్లి పత్రికనా?" అన్నాడు. మా అత్త మధ్యలో కలగజేసుకుంది. "భాయీ, నువ్వు కొత్త దుకాణం దెరిస్తే అగరొత్తులు ముట్టియ్యలేదా?" భాయి ఒప్పుకున్నాడు. "ముట్టిచ్చిన పెద్దమ్మా. కానీ దుకాణానికి ముట్టియ్యలే, దుకాణంల ముట్టిచ్చిన. ఫరక్ ఉంది." ఆ తర్వాత నవ్వు ఆపి అసలు సంగతి చెప్పాడు. మరకల కన్నా ఘోరం ఆ పొర లేవడం. చూసినవాళ్లు ఫోటో మార్చారనుకుంటారు. ఇది పనికిరాదు, హైదరాబాదు పోయి పాడైందని చెప్పి కొత్తది తీసుకోవాలి. కువైట్ సేఠు పంపిన వీసా కాగితానికి నెల గడువుంది. ఆలోపు కొత్త పుస్తకం రాకపోతే ఆ పని వడ్డేపల్లి నుంచి వచ్చిన ఇంకో పోరడికి పోతుంది, వాడి పుస్తకం ఇప్పటికే భాయి డ్రాయరులో ఉంది. "వానది శుభ్రంగ ఉంది," అని కూడా అన్నాడు, మేము అడగకుండానే. చివరికి ఒక సలహా ఇచ్చాడు. "ఎట్ల ఖరాబైందని అడిగితే వానల తడిసిందని చెప్పు. గంతే. పూజ, గంజి, ఏం చెప్పకు."

హైదరాబాదు ఆఫీసులో కుర్చీలు చూడగానే నాకు భయం వేసింది. మా వంతు వచ్చింది. అద్దం వెనకాల సారు పుస్తకం తెరవబోతే అది పటపటమంది. ఆయన ఉలిక్కిపడ్డాడు. ఒక్కో కాగితం విడదీసి, ఫోటో దగ్గర ఆగి, వేలి గోరుతో పొరను లేపి చూశాడు. ముఖం గట్టిపడింది.

"ఫోటో ఎవరు మార్చారు?"

"ఎవరు మార్చలే సార్. వానల తడిసింది," అన్నాడు మా ఆయన, భాయి చెప్పినట్టే.

సారు పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఏ ఊర్లో కురిసిందయ్యా ఈ వాన? పసుపు, నిమ్మరసం కలిసి కురిసిందా?" అన్నాడు. సారు లేచి ఎవరినో పిలవబోతున్నాడు. అప్పుడు మా అత్త నన్ను పక్కకు నెట్టి అద్దానికి ముఖం ఆనించింది. "వాన గాదు సారూ, నేను. నేను పెట్టిన. కొత్తది ఇంటికొస్తే పసుపు పెట్టకుండ ఎట్ల వాడుతరు? మీ పోస్టాయన చెల్లదన్నడు. అప్పుడు నా కోడలు సబ్బు పెట్టె. ఎర్రగాయె. నిమ్మకాయ పిండె. నేను గంజి పెట్టుమంటి. గంతే సారూ, దొంగతనమేం లేదు. నా కొడుకుకు దొంగ మొఖముందిగని దొంగ గాదు," అని ఒక్క గుక్కలో చెప్పేసింది.

వెనకాల వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. సారు మాత్రం నవ్వలేదు. "సర్కారు పుస్తకానికి పసుపు పెడతారామ్మా ఎవరైనా?" అన్నాడు. మా అత్త ఆయన ముందున్న కంప్యూటర్ డబ్బా వైపు వేలు చూపించింది. దాని నుదుట, దసరాకు పెట్టినట్టున్నారు, ఎండిపోయిన గంధం, దాని మీద కుంకుమ. "గా డబ్బ సర్కారుది గాదా సారూ?"

సారు డబ్బాను చూశాడు, అత్తను చూశాడు. "దీన్ని చూపించి ఎవరూ దేశం దాటరమ్మా," అన్నాడు, కానీ గొంతులో గట్టిదనం లేదు. కూర్చున్నాడు. ఒక తెల్లకాగితం ఇచ్చి, అబద్ధం ఒక్కటి కూడా లేకుండా జరిగింది జరిగినట్టు రాసి ఇమ్మన్నాడు. మా ఆయన రాశాడు. గంజి దగ్గర ఆగి, "ఇది గూడ రాయాల్నా సార్?" అని అడిగాడు. "అది ముఖ్యంగా రాయి," అన్నాడు సారు. సాక్షిగా మా అత్త వేలిముద్ర వేసింది. ఆమె వేలు ఎంత కడిగినా పచ్చగానే ఉండేది. ఆ కాగితం మూలన కూడా కొంచెం పసుపు అంటింది. సారు చూశాడు గానీ చూడనట్టు కాగితం తిప్పేశాడు.

తిరుగు బస్సులో అత్త ముందు సీటులో నిద్రపోయింది. జడ్చర్ల దాటేదాకా ఆయన కిటికీలోంచి చూస్తూ ఉన్నాడు. మా వీధిలో అప్పటికే ఆడవాళ్లు ఒక మాట పుట్టించారు. కొత్త పెళ్లాం గదా, మొగుడు పోకుండా కావాలనే పుస్తకం పాడుచేసింది అని. ఆ మాట ఆయన చెవికీ చేరినట్టుంది. నా వైపు తిరగకుండానే అడిగాడు.

"నిజం చెప్పు. నన్ను పోనీయొద్దని గావాలనే సబ్బు పెట్టినవా?"

"నాకు గంత తెలివుంటే నీకెందుకు దొరుకుదును?" అన్నాను.

ఆయన ఎంత నవ్వాడంటే ముందు సీటులో అత్త లేచి ఊరొచ్చిందా అని అడిగింది. ఆమె మళ్లీ నిద్రపోయాక గొంతు తగ్గించి, "పోవద్దంటే పోను. ఇప్పుడే చెప్పు," అన్నాడు. వద్దనాలని నాకు లేదా? ఉంది. కానీ ఆ మగ్గం గుంట గుర్తొచ్చింది. "పోయిరా. నువ్వుంటే మాత్రం ఆ పిల్లిని లేపుతవా?" అన్నాను. నా చేతికి ఇంకా నిమ్మకాయ వాసన వస్తూనే ఉంది.

ఆ తర్వాత ఎదురుచూపు. మా అత్త పొద్దున్నే అరుగు మీద కూర్చుని పోస్టుమన్ సైకిల్ కోసం చూసేది. వాడు తల అడ్డంగా ఊపి పోయేవాడు. వీధి ఆడవాళ్లు నీళ్ల కాడ నన్ను చూసి, "ఏమ్మా, ఇంకోటి ఒస్తే దానికేం పెడ్తవు, చింతపండా?" అనేవారు. భాయి వనపర్తి నుంచి కబురు పెట్టాడు, వడ్డేపల్లి పోరడు బట్టలు కూడా కుట్టించుకున్నాడట. ఆ రోజు మా అత్త అన్నం తినలేదు. గడువు ఇక రెండు మూడు రోజుల్లో తీరుతుందనగా సైకిల్ గంట మోగింది. పోస్టుమన్ కవరును అత్తకు ఇవ్వలేదు, నాకూ ఇవ్వలేదు. లోపలికి వచ్చి ఆయన చేతిలోనే పెట్టి, మా ఇద్దరినీ దూరం జరగమన్నాడు. మా అత్త రెండు చేతులూ చంకల్లో దాచుకుని నిలబడింది. అంత పెద్ద మనిషి, అంత గయ్యాళి, చలికి వణికే పిల్లలా అలా నిలబడడం నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు.

ఆయన ఆ నిమిషమే బస్సెక్కాడు, వెనకాలే మేమూ ఎక్కాం. భాయి పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, వాసన కూడా చూసి, "అల్హందులిల్లా," అన్నాడు. ముద్ర సంగతి తను చూసుకుంటానన్నాడు. చూసుకున్నాడు కూడా, ఎలా చూసుకున్నాడో నాకు తెలియదు. ప్రయాణం రోజు వనపర్తి బస్టాండులో పుస్తకం ఇస్తూ, పిల్లల బడి పుస్తకాలకు వేసినట్టు దానికి ఖాకీ కాగితంతో అట్ట వేసి తెచ్చాడు. మా అత్త ముందు పట్టుకుని, "ఇగ పెట్టుకో పెద్దమ్మా. నాలుగు మూలలే గాదు, నడుమ గూడ పెట్టుకో. ఆఫీసుల అట్ట తీసేస్తడు, జేబుల పెట్టుకుంటడు," అన్నాడు. మా అత్త కొంగుకు ముడేసి తెచ్చుకున్న పసుపు తీసింది. (తెచ్చుకోకుండా ఉంటుందా?) ఆమె పెడుతుంటే ఆయన తల వంచుకుని నిలబడ్డాడు, తనకే పెడుతున్నట్టు. భాయి ముఖం అటు తిప్పుకుని బస్సు నంబరు చదివాడు.

ఆయన పోయాడు, ఏళ్ల తరబడి ఉన్నాడు, వచ్చాడు. అదో పెద్ద కథ కాదు, అందరిదీ అదే. ఒకసారి ఫోనులో మాత్రం గొప్పగా చెప్పాడు. అక్కడ ఎవరిదో తెల్లబట్ట మీద కూర పసుపు పడితే అందరూ సబ్బు తీశారట, ఈయన ఒక్కడే ఆగమన్నాడట. "నీ పున్యాన ఈడ నాకు పసుపు మరకల సారు అని పేరొచ్చిందే," అన్నాడు. అప్పటి నుంచి మా ఇంట్లో ఏ కాగితం వచ్చినా, ఓటు కార్డు వచ్చినా, గ్యాసు పుస్తకం వచ్చినా ఆయన ముందు నన్ను ఆ మాటే అడిగేవాడు. పసుపు గిట్ల పెట్టలే గదా? నేను పెట్టలేదనేదాన్ని. దవాఖానలోనూ అదే అడిగాడు. ఆ మాట ఆఖరిది అవుతుందని ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. తెలిస్తే ఇంకేమన్నా అనేవాళ్లమా? ఏమో. ఇంతకన్నా మంచిది నాకు తోచడం లేదు.

ఇప్పుడు ఈ పిల్ల నర్సు పనికి జర్మనీ పోతోంది. పాస్‌పోర్టు నిన్న వచ్చింది. ఈ కాలంలో అంతా ఫోనులోనే, వేళ్లు అద్దం మీద పెట్టి, కళ్లు కెమెరాలో పెట్టి. పుస్తకానికి పైన గట్టి ప్లాస్టిక్ తొడుగు వేసి, నా ముందు పెట్టి, పసుపు గిన్నె కూడా పక్కన పెట్టింది. "నువ్వే పెట్టత్తా," అంది. "మొగడు పోయినదాన్ని, శుభానికి నా చెయ్యేందే?" అన్నాను. "ఈ బుక్కు సంగతి నీకన్న ఎవరికెక్కువ తెల్సు? తొడుగు మీదనే పెట్టు, లోపల ముట్టకు," అంది, నవ్వుతూనే భయంగా. నేను వేలు ముంచాను. పెట్టాను. తొడుగు మీదనే పెట్టాను, నాలుగు మూలలా. వేలు కడుక్కోలేదు ఇంకా.

(చాలిగ. కలం పక్కకు పెట్టు బిడ్డా. చదువు, మొదటికాంచి చదువు, ఒక్క మాట ఇడువకు. మామ మాట ఒచ్చిన కాడ జర మెల్లగ చదువు. నా మాట నువ్వు చదువకు, అది నేనే అంట.)